పండుగ బేరానికి ఒక కాగితం

బల్కంపేటలో మేము నివసించే సందు చివర కుట్టుమిషను చప్పుడు రాత్రి పొద్దుపోయేదాకా వినిపిస్తూ ఉంటుంది. ఆ ఇంటి ఇల్లాలు మా మదరసాలో చదివే ఒక బాలుని తల్లి. భర్త మరణించిన నాటి నుండి మగ్గం పనే ఆ కుటుంబానికి జీవనాధారం. అమీర్‌పేటలోని దుకాణాలకు జాకెట్లపై జరీ పని చేసి ఇస్తుంది.

రెండేళ్ల క్రితం షాబాన్ నెలలో ఆమె కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా వద్దకు వచ్చింది. ఖర్జూరాలు, ఎండు ఫలాలు అమ్మే ఒక వ్యాపారి రంజాన్ కానుకల కోసం 250 బటువాలు కావాలన్నాడు. ఒక్కొక్కటి 60 రూపాయలు. పైన జరీతో నెలవంక, కింద దుకాణం పేరు. ‘పనితనం మీది, పేరు మాది, కలిసి చేద్దాం’ అన్నాడట.

“మౌల్వీ సాబ్, దీనికి కాగితం ఏదైనా రాసుకోవాలా? మీరైతే రాసిపెడతారని వచ్చాను” అని అడిగింది.

“ఆయన మస్జిదులో మా పక్కనే సఫ్‌లో నిలబడే మనిషి. కాగితం అడిగితే నొచ్చుకుంటాడమ్మా. అల్లాహ్‌పై భారం వేసి పని మొదలుపెట్టు” అని చెప్పి పంపించాము.

ఆమె పత్థర్‌గట్టి వెళ్లి గుడ్డ, జరీ, పూసలు తెచ్చుకుంది. వాటికి 7,500 రూపాయలు, సాయం పట్టిన ఇరుగుపొరుగు స్త్రీల కూలికి 2,500 రూపాయలు అయ్యాయి. ఉపవాసం ఉంటూ, సహరీ వేళ వరకు కుట్టి, చెప్పిన రోజుకే సరుకు అందించింది.

పండుగ వెళ్లిన మూడవ నాడు 110 బటువాలు తిరిగి వచ్చాయి. అమ్ముడైన 140కి 8,400 రూపాయలు ముట్టాయి. నెల రోజుల శ్రమకు ప్రతిఫలం లేకపోగా, చేతి నుండి 1,600 రూపాయలు పోయాయి. మిగిలిన వాటిని వేరొకరికి అమ్ముదామంటే, వాటిపై ఆ దుకాణం పేరు ఉంది.

ఇరువురూ మా వద్దకే వచ్చారు. ‘అమ్ముడైనంతకే లెక్క అనుకున్నాను’ అన్నాడు ఆయన. ‘మీరు చెప్పి చేయించుకున్న సరుకు కదా’ అన్నది ఆమె. ఎవరూ అబద్ధమాడలేదు. ఒకే మాటను ఇద్దరు రెండు విధాలుగా అర్థం చేసుకున్నారు. అంతకుమించి తగవు లేదు, దానికి పరిష్కారమూ లేదు.

మేము ఏళ్ల తరబడి ‘హిదాయా’ బోధిస్తున్న వారము. కొలత, తీరు చెప్పి ఒక వస్తువును చేయించుకుంటే అది ఇస్తిస్నా. చెప్పినట్లే తయారైన సరుకు అమ్ముడుపోలేదన్న నష్టం చేయించుకున్న వానిది. యజమాని తరఫున అమ్మిపెట్టడం వకాలత్. అందులో సరుకు యజమానిదే, మిగిలితే నష్టమూ యజమానిదే. పేరు ప్రతిష్ఠలే పెట్టుబడిగా, అరువుపై సరుకు తెచ్చి అమ్ముకునే భాగస్వామ్యం షిర్కతుల్ వుజూహ్. అందులో సైతం ఎవరు ఎంత బాధ్యత వహిస్తే వారికి అంతే లాభమని హనఫీ ఫుఖహా నిర్ణయించారు. ఇవన్నీ పిల్లల చేత కంఠస్థం చేయిస్తున్న మేము, ఈ బేరం వీటిలో ఏదని ఒక్క ప్రశ్న అడగలేదు.

అంతకంటే పెద్ద తప్పు మరొకటి ఉంది. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అది నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు, బాకీల వ్రాతకోతల గురించి. గడువు పెట్టుకున్న బాకీని వ్రాసుకోవాలని, అది చిన్నదైనా పెద్దదైనా వ్రాయడానికి విసుగు చెందరాదని ఆదేశిస్తుంది. ఆ ఆదేశం విశ్వాసులను సంబోధించి చేసినది. అనగా వ్రాసుకోవడం అపనమ్మకానికి గుర్తు కాదు, నమ్మకాన్ని కాపాడే కంచె. వ్రాయడం తెలిసినవాడు వ్రాయడానికి నిరాకరించరాదని కూడా అందులోనే ఉంది. ఆనాడు నిరాకరించినది మేమే.

మా బ్రతిమాలుపై వ్యాపారి మరికొన్ని బటువాలు తీసుకున్నాడు. మిగిలిన వాటిపై ఉన్న పేరును మా విద్యార్థి సూదితో పోగు పోగుగా విప్పుతుండగా ఒక సాయంత్రం చూశాము. ఆ పిల్లవాడు మమ్మల్ని చూసి మర్యాదగా లేచి సలాం చేశాడు. బదులు పలకడానికి మా గొంతు పెగలలేదు.

మరుసటి షాబాన్‌లో ఆమె పిలవకముందే మేము కాగితం, కలం పట్టుకొని వెళ్లాము. అదే వ్యాపారి, అవే బటువాలు. ఒక పుట మించకుండా వ్రాశాము. ఎన్ని, ఎంత ధర, ఏ తేదీకి. ముడిసరుకుకు సరిపడా బయానా ముందుగా. మిగిలితే ఎవరివి. ఆలస్యమైతే ఏమి చేయాలి. దుకాణం పేరు ఒక వైపు ఉంటే, లోపలి వైపు చిన్న గుడ్డముక్కపై కుట్టిన ఆమె పేరు. వ్యాపారి నొచ్చుకోలేదు. “ఇది నిరుడే చేసి ఉంటే బాగుండేది మౌలానా” అన్నాడు. ఆ మాట మాకు తగలవలసిన చోటే తగిలింది.

ఆ చివరి షరతు ఆమె కోరినది. చేతిపనికి పేరు ఎంత అవసరమో మన నగరానికి తెలుసు. 2010లో హైదరాబాద్ హలీంకు, 2024లో హైదరాబాద్ లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు లభించింది. లాడ్ బజార్ కొలిమి వద్ద కూర్చున్న చేతులకు ఊరి పేరు రక్షణగా నిలిచినట్లే, సందులో కుట్టే చేతికి తన పేరు రక్షణ. పండుగ దాటాక దుకాణం మరచినా, కొన్నవారు వెదుక్కుంటూ రాగలరు.

ఆ ఏడు లెక్క పూర్తిగా ముట్టింది, అల్‌హమ్దులిల్లాహ్. బతుకమ్మ పండుగకు ఒక చీరల దుకాణం సంచులు అడిగినప్పుడు ఆమె అదే కాగితాన్ని తేదీలు మార్చి ముందుంచింది. దుకాణదారు చదివి సంతకం చేశాడు.

సోదర సోదరీమణులారా! రంజాన్‌కు ముందు మన ఇళ్లలో ఎందరో స్త్రీలు కుడతారు, వండుతారు, గాజులకు రాళ్లు అద్దుతారు, అందమైన లిపిలో ఈద్ కార్డులు వ్రాస్తారు. పెద్ద దుకాణం పిలిచినదన్న సంతోషంలో షరతులు అడగడానికి మొహమాటపడతారు. వారి పక్కన చదువుకున్న కొడుకో, సోదరుడో, మస్జిదు ఇమామో ఉండే ఉంటాడు. అడిగితే వ్రాసిపెట్టండి. అడగకపోయినా వ్రాసిపెట్టండి. దానికి అరగంట చాలు. మేము ఆ అరగంటను ఆదా చేసుకున్నాము. దాని వెల ఒక అనాథ బాలుడు సూదితో చెల్లించాడు.