89 ఏళ్లకు... మొదటి మారథాన్!

ఐదేళ్లొచ్చేదాకా ఆ పిల్లాడికి నడకే రాలేదు. కాళ్లు కర్రపుల్లల్లా ఉన్నాయని ఊళ్లో పిల్లలు ఏడిపించేవారు. ఆయనే ఫౌజా సింగ్... పంజాబ్‌లోని బియాస్ పిండ్ రైతు.

1994లో ప్రమాదంలో కొడుకు పోయాడు. లండన్‌లో మరో కొడుకు దగ్గరున్నా ఆ దిగులు వదల్లేదు. ఇంట్లో కూర్చోలేక నడక మొదలెట్టారు. నడక పరుగైంది. శిక్షణకు తొలిరోజు త్రీపీస్ సూట్‌లో వచ్చారట! దర్జా కోసం కాదు, పరుగుకు వేరే బట్టలుంటాయని తెలీక. తిండి మాత్రం ఇంట్లో చేసిన ఫుల్కా, పప్పే.

2000లో లండన్ మారథాన్... 42.195 కిలోమీటర్లు, 6 గంటల 54 నిమిషాలు. మూడేళ్ల తర్వాత టొరంటోలో 5 గంటల 40 నిమిషాలే! మొదటి 20 మైళ్లు తేలికే, ఆఖరి ఆరు దేవుడితో మాట్లాడుకుంటూ పరిగెడతాననేవారు.

2011లో, వందేళ్ల వయసులో, మళ్లీ టొరంటో. ఎనిమిది గంటలు దాటినా పూర్తిచేశారు. జనన ధ్రువపత్రం లేదని గిన్నిస్ ఆ రికార్డును గుర్తించలేదు. 1911 నాటి పల్లెటూళ్లో ఆ కాగితం ఎవరిచ్చారని!

పందేలు 2013లో మానేశారు, నడక మానలేదు. 2025 జులైలో, 114 ఏళ్ల వయసులో, సొంతూళ్లో రోడ్డు దాటుతుంటే వాహనం ఢీకొని కన్నుమూశారు.