సాఫ్ట్‌వేర్ పెట్టి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దవాళ్ళు. వాళ్ళు ఈ కాలంలో ఉంటే మూడోది కూడా చేర్చేవారు – కంపెనీలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టి చూడు అని.

ఈ మాట అనడానికి నువ్వెవరివమ్మా అంటారేమో. మా కోడలి ఉద్యోగం అదే మరి! "గో-లైవ్ ఉంది అత్తయ్యా" అందంటే ఆ నెలలో పండగొచ్చినా పబ్బమొచ్చినా ఆ పిల్ల మనకి దక్కదని అర్థం. హైదరాబాదు అమీర్‌పేటలో ఎటు చూసినా శాప్ నేర్పుతామనే బోర్డులే. మా అత్తగారి తరంవాళ్ళు చూస్తే ఇదేదో దుర్వాసులవారి శాపం కాబోలనుకునేవారు.

శాపమూ కాదు, వరమూ కాదు. 1972లో ఐబీఎం వదిలి వచ్చిన అయిదుగురు ఇంజనీర్లు జర్మనీలో మొదలుపెట్టిన కంపెనీ పేరు అది. వాళ్ళు తయారుచేసే సాఫ్ట్‌వేర్ పని ఏమిటంటే, స్టోరు, కొనుగోళ్ళు, అమ్మకాలు, జమాఖర్చులు ఎవరి పుస్తకం వాళ్ళది కాకుండా అందరికీ కలిపి ఒకే పుస్తకం చెయ్యడం. గోడౌనులో నాలుగు బస్తాలు దిగాయంటే అప్పటికప్పుడే అకౌంటెంటు లెక్కలోకీ ఎక్కాలి.

కొనడం ఒక ఎత్తు, అది ఆ ఇంట్లో ఇమడడం ఒక ఎత్తు. కొత్త కోడల్ని తెచ్చుకోవడంలాంటిదే అనుకోండి. (నేనిలా అన్నానని మావాళ్ళకి చెప్పకండి.)

అందుకే దీనికో పద్ధతి పెట్టారు. 1996లో శాప్‌వాళ్ళు 'అసాప్' అని అయిదు మెట్లు వేశారు. ఇంగ్లీషువాళ్ళు 'వీలైనంత త్వరగా' అనడానికి వాడే పొట్టిమాట కూడా అదే లెండి. మొదటి మెట్టు సన్నాహం – ఎవరు చెయ్యాలి, ఎన్నాళ్ళు, ఎంత ఖర్చు. రెండోది బ్లూప్రింటు – పని ఎలా జరగాలో కాయితం మీద పెట్టి పెద్దలచేత సంతకం చేయించుకోవడం. మూడోది ఆ ప్రకారం తయారుచేసి పరీక్షించడం. నాలుగోది ఆఖరి ఏర్పాట్లు – పనివాళ్ళకి నేర్పడం, పాత లెక్కలన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించడానికి సిద్ధం కావడం. అయిదోది గో-లైవ్, అంటే పాలు పొంగించడం. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు బాలింతని కనిపెట్టుకున్నట్టు పక్కనే ఉండాలి.

బ్లూప్రింటంటే టైలరుకి కొలతలివ్వడమన్నమాట. 2015లో 'యాక్టివేట్' అని కొత్త పద్ధతి వచ్చింది. ఇందులో ముందే రెడీమేడ్ జాకెట్టు చూపిస్తారు. "తొడుక్కుని చూడండి, ఎక్కడ బిగుతో, ఎక్కడ వదులో చెప్పండి" అంటారు. వీలైనంతవరకూ మన ఒళ్ళే జాకెట్టుకి సర్దుకోవాలని వాళ్ళ కోరిక!

ఏ పద్ధతైనా తొందరపడితే ఏమవుతుందో అమెరికాలో హర్షీ చాకొలెట్ల కంపెనీని అడగాలి. నాలుగేళ్ళు పడుతుందన్న పనిని రెండున్నరేళ్ళలో ముగించాలని పట్టుపట్టారు. 2000 సంవత్సరం వస్తే పాత కంప్యూటర్లు తారీఖుల దగ్గర తడబడతాయని భయం. శాప్‌తోపాటు మరో రెండు కంపెనీల సాఫ్ట్‌వేర్లూ కలిపి పెట్టి, తీరా 1999 జులైలో, హాలోవీన్ పండగ ఆర్డర్లు వచ్చే వేళకి గో-లైవ్ చేశారు. గోడౌన్లలో సరుకుంది, దుకాణాలకి మాత్రం చేరదు. సుమారు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు అందించలేకపోయారు. పండగ రద్దీలో ఖాళీ దొరికినచోటల్లా సరుకు సర్దే అలవాటుందనీ, ఆ చోట్లు కొత్త లెక్కలోకి ఎక్కలేదనీ అప్పట్లో ఒక కారణం చెప్పుకున్నారు.

మనకిందులో వింతేముంది చెప్పండి? పోపులడబ్బా కింద చిల్లర, బియ్యం డబ్బాలో మగ్గే మామిడికాయలు, అటకమీద అరిసెల చట్రం – ఇవన్నీ మనం ఏ పుస్తకంలో రాసుకున్నాం?

రాయించడమే కష్టమంటుంది మా కోడలు. ఒక ఫ్యాక్టరీలో స్టోరుకీపరుగారు ముప్ఫయ్యేళ్ళుగా అంతా బుర్రలోనే పెట్టుకున్నారట. ఏదడిగినా "అదంతా మామూలేనమ్మా" అని దాటేస్తారట. మూడోరోజున టీ తాగుతూ మెల్లిగా, "అన్నీ మీకు చెప్పేశాక నాకిక్కడ పనేముంటుందమ్మా?" అన్నారట.

మార్పుకి మనుషుల్ని సిద్ధం చెయ్యడమనేది కూడా పద్ధతిలో ఉంది. మీటింగులు పెడతారు, క్లాసులు చెబుతారు. కానీ నీ ఉద్యోగం ఎక్కడికీ పోదని చెప్పే అధికారం పైనుంచి వచ్చిన ఈ పిల్లకి ఉండదు కదా!

నాకు మాత్రం ఆయన బాధ వెంటనే అర్థమైంది. ఆవకాయలో ఉప్పెంత అనడిగితే "చూసి వెయ్యాలి" అంటాం మనం. ఆ 'చూసి' అన్న మాటలోనే కదూ ఇంట్లో మన స్థానమంతా ఉన్నది! గ్లాసు కొలత చెప్పేస్తే వంటింట్లో నన్నెవరు పిలుస్తారు?

"మిగతావాళ్ళకి నేర్పే పని ఆయనకే అప్పజెప్పమని అడక్కూడదుటే?" అన్నాను.

"అలాంటివాళ్ళు ఎలాగూ ఉంటారత్తయ్యా, కీ యూజరంటారు. కానీ కంప్యూటరు బాగా వచ్చిన కుర్రాళ్ళనే పెడతారు."

"కంప్యూటరు కుర్రాడు చూసుకుంటాడు. స్టోరు ఎవరికి తెలుసు?"

అడిగిందట. ఇద్దర్నీ పెట్టారట. ఆ తర్వాత ఆయన నోరు విప్పి వెనకాల రేకుల షెడ్డు, మెట్లకింద అర, సెక్యూరిటీ గది పక్కన పెట్టించే డ్రమ్ములు – ఒక్కొక్కటే చూపించారట. అన్నింటికీ నంబర్లు పడ్డాయి. గో-లైవ్ నాడు సరుకు లెక్క సరిపోయింది.

ఆయన ఉద్యోగానికి హామీ మాత్రం ఎవరూ కాయితం మీద రాసివ్వలేదు. అయిదు మెట్లు వేసిన పెద్దలు ఈ ఆరోదాని సంగతి కూడా కాస్త చూస్తే బాగుండును.