కారు చెప్పిన మైలేజీ, నా క్యాలెండర్ చెప్పిన మైలేజీ

మొన్న వేసవిలో మావారు పుష్కరఘాట్ మెట్ల మీద జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. సరిగ్గా అప్పుడే అత్తయ్యగారిని వారానికి రెండుసార్లు కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. నాకు స్కూటీ తప్ప ఏమీ రాదు. మా వీధి చివర ఉండే అబ్బాయి, ఇరవై మూడేళ్లుంటాయేమో, "నేను తీసుకెళ్తానండీ పిన్నిగారూ" అన్నాడు. నెల జీతం మాట్లాడుకున్నాం. అత్తయ్యగారిని చెయ్యి పట్టుకుని మెట్లు దింపేవాడు. ఆవిడకి వాడంటే మనవడి మీదకంటే ఎక్కువ ప్రేమ వచ్చేసింది.

నెలాఖరున మావారు ఎడమ చేత్తో లెక్కలేశారు. ఆ నెల బండి తిరిగింది 1246 కిలోమీటర్లు. స్టీరింగ్ ముందు తెర మీద సగటు మైలేజీ 17.8 అని వస్తోంది. ఆ లెక్కన 70 లీటర్లు చాలాలి. బంకు బిల్లులు కలిపితే 78. ఎనిమిది లీటర్లు, అంటే తొమ్మిది వందల రూపాయల దాకా తేడా.

ముందు బంకు మీద అనుమానపడ్డారు. మీకు తెలుసో లేదో, ఏ బంకులోనైనా అడిగితే తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న 5 లీటర్ల కొలపాత్రలో పోసి చూపించాలి. ఆయన వెళ్లి అడిగి పోయించుకుని చూశారు. గీతకి సరిగ్గా ఉంది. ఇక మిగిలింది ఆ అబ్బాయి. "తీస్తున్నాడే. వచ్చే నెల నుంచి వద్దని చెప్పెయ్" అన్నారు.

నా నోటితో ఎలా చెప్పను? ఏమీ లేని ఇంటి పిల్లాడు. ఆ మాట వీధిలో పొక్కితే వాడికి మళ్లీ ఎవరైనా కారు తాళం ఇస్తారా? "ఒక్క వారం ఆగండి, నేను చూస్తాను" అన్నాను. "బి.ఏ. తెలుగు చదివి మైలేజీ లెక్కేస్తావా" అని నవ్వారు. గురువులూ లఘువులూ లెక్కపెట్టినదాన్ని, లీటర్లు లెక్కపెట్టలేనా!

నిజానికి ఆ లెక్క మనందరికీ వచ్చిందే. గ్యాస్ బండ పెట్టిన రోజు క్యాలెండర్ మీద రాసుకుంటాం, అయిపోయిన రోజు చూసుకుంటాం. బండ ఎన్నాళ్లొచ్చిందో పొయ్యిని అడగం కదా. కారుకీ అంతే. ట్యాంకు నిండా పోయించి, పంపు దానంతటదే టక్కుమని ఆగగానే చాలనాలి. బండిని ఊపి, రౌండ్ ఫిగర్ కోసం ఇంకో రెండు చుక్కలు పోయించకూడదు. ట్రిప్ మీటర్ సున్నా చెయ్యాలి. తిరిగాక అదే బంకులో, అదే పంపు దగ్గర మళ్లీ టక్కుమనే దాకా నింపాలి. తిరిగిన కిలోమీటర్లని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు మైలేజీ.

ఆ వారం కారు ఎక్కడికెళ్తే అక్కడికి నేనూ వెళ్లాను. కాకినాడకి రెండుసార్లు, ద్వారపూడి, అనపర్తి మీదుగా కెనాల్ రోడ్డులో గోతులు లెక్కపెట్టుకుంటూ. మధ్యలో జొన్నాడ వంతెన దాటి, రావులపాలెం మీదుగా అమలాపురం మా పుట్టింటికి. రాత్రిళ్లు తాళం చెవి నా దిండు కింద. చివరికి 416 కిలోమీటర్లకి 26 లీటర్లు పట్టింది. పదహారు! తెర మీద చూస్తే అప్పుడూ 17.8 అనే ఉంది. పాత నెల 1246ని పదహారుతో భాగించి చూశాను. 78 వచ్చింది. ఒక్క చుక్క కూడా ఎటూ పోలేదు.

తర్వాత మా మేనల్లుడు చెప్పాడు. కారు పెట్రోలుని మనలా పోసి కొలవదట. ఇంజన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో చూసి, ఇంత అయ్యుంటుందని అంచనా కడుతుందట. చాలా కార్లలో ఆ అంచనా కాస్త గొప్పలకే పోతుంది. ఇక షోరూములో చెప్పే ఏఆర్ఏఐ మైలేజీ రోలర్ల మీద నడిపి తీసింది. అక్కడ మన కెనాల్ రోడ్డూ లేదు, ద్వారపూడి గేటూ లేదు.

మావారు వెంటనే ఒప్పుకుంటారా? "ఇదంతా పెట్రోల్లో ఇరవై శాతం ఇథనాల్ కలపడం వల్ల" అన్నారు. ఇథనాల్‌లో పెట్రోలు కంటే సత్తువ తక్కువే, కాబట్టి మైలేజీ కొంత తగ్గుతుంది, నిజమే. కానీ తగ్గితే తెర మీదా తగ్గాలిగా? రెండు లెక్కలకీ మధ్య తేడా దానివల్ల ఎలా వస్తుంది? అదే అడిగాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు. కాసేపయ్యాక, "జీతం ఓ ఐదొందలు ఎక్కువివ్వు" అన్న మాట మాత్రం పేపరు వెనక నుంచి వినిపించింది.

ఇచ్చాను. వాడు తీసుకుని "ఎందుకండీ?" అన్నాడు. పండక్కి అన్నాను. ఆ నెలలో పండగే లేదు.

వాడేమీ అనలేదు. కానీ ఆ రోజు నుంచి కారు పెట్టగానే మీటరు ఫోన్లో ఫొటో తీసి నాకు చూపిస్తున్నాడు. తాళం చెవి నా చేతికే ఇచ్చి వెళ్తున్నాడు. గుమ్మం పక్కన మేకుకి తగిలించరా అంటే, "వద్దులెండి పిన్నిగారూ, మీ దగ్గరే ఉంచండి" అంటాడు.