కంకర బాట



గరిడేపల్లినుండి ఉత్తరముగా గడ్డిపల్లి మీదుగా సూర్యాపేటకు పోవు బాటను మీలో ననేకులు చూచియుండరు. చూచినవారును మోటారులో కునికిపాట్లు పడుచు దాటియుందురు. దానిపై చూడదగిన వింత యేదియు లేదు. ఇరుప్రక్కల వరిచేలు, తుమ్మచెట్లు, అక్కడక్కడ చెరువుకట్టలు. అయినను డెబ్బదియైదేండ్లు దాటిన నేను కలము పట్టి దానిని గూర్చి వ్రాయుటకు కారణము కలదు. ఆ బాటమీద నేనొకరికి ఋణపడితిని. ఆ ఋణము నేటికిని తీరలేదు.

మొదట ఆ ప్రాంతపు దారుల చరిత్ర కొంత చెప్పెదను. గోలకొండ ప్రభువుల కాలమున మచిలీబందరు వారికి రేవుపట్టణము. కలంకారీ వస్త్రములు, ఉప్పు, మిరియాలు ఎడ్లమీద ఆ రేవునకును గోలకొండకును నడుమ నడచుచుండెను. ఆ దారిపై హైదరాబాదు దాటినంతనే వచ్చు హయాత్‌నగరము సుల్తాను కూతురు హయాత్ బక్షీ బేగము పేర వెలసినది. పదునేడవ శతాబ్దమున తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఈ దేశమున తిరిగి, మజిలీల పేళ్లు వ్రాసిపెట్టెను. అతడు తిన్నని దారిని విడిచి, కృష్ణ యొడ్డునున్న కొల్లూరు వజ్రపు గనుల మీదుగా పోవుచుండెడివాడు. ఆ చుట్టుదారి మజిలీలలో నాగెల్పార్ అను నొక పేరు కలదు. అది సూర్యాపేటకు దక్షిణముననున్న మన నాగులపాడేయని చరిత్రకారులు పోల్చిరి. కొల్లూరు నేడు పులిచింతల జలాశయమున మునిగియున్నది. నాగులపాడు గుళ్లు మాత్రము నిలిచియున్నవి.

సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱి కలదు. అచట కాకతీయుల సామంతులైన రేచెర్ల వారు గుళ్లు కట్టించిరి. వానిలో ఎఱకేశ్వరాలయమును 1208వ సంవత్సరమున కట్టించినది బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ. ఎనిమిది వందల యేండ్లు గడచినను ఆ యిల్లాలి పేరు చెరగలేదు. దేవుడు సైతము ఆమె పేరనే పిలువబడుచున్నాడు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు. దీనితో నాకు ముందు పని కలదు.

నిజాము ప్రభుత్వ కాలమున మా పల్లె దారి బండిజాడయే కాని బాట కాదు. 1948 సెప్టెంబరులో భారత సేనలు విజయవాడ వైపునుండి మునగాల, సూర్యాపేటల మీదుగా సాగినపుడు నేను చంటిబిడ్డను. నల్లరేగడి నేల వానకు బంకయై బండిచక్రమును ఇరుసుదాక మింగును. ఎండకు నెఱ్ఱెలు విచ్చి ఎద్దుకాలు పట్టును. వానకాలమున నాలుగు నెలలు పెండ్లియైనను, చావైనను, జబ్బైనను ఊరిలోనే జరుగవలసియుండెను.

1959లో మా పల్లెకు కంకర బాట వేయనారంభించిరి. అప్పుడు నాకు పదునొకండేండ్లు. మొదట మట్టికట్ట పోసిరి. దానిపై పెద్ద రాళ్లు పేర్చి, వాని సందులలో కంకర పరచి, మొరము చల్లి, నీళ్లు పోసి, ఎడ్లచేత రాతిదిమ్మ నీడ్పించి అణచిరి. చెప్పుటకు రెండు మాటలు. చేయుటకు రెండు వేసవులు పట్టెను. అందులో మిక్కిలి కష్టమైనది కంకర కొట్టుట. అది ఆడవారి పని. ఎండలో తుమ్మకొమ్మల నీడన కూర్చుండి, బండమీద రాయి నిలిపి, చిన్న సుత్తితో ప్రొద్దుగ్రుంకుదాక కొట్టుచుందురు. మేస్త్రి ఇనుప వలయము తెచ్చి, అందు దూరని రాతిని అవతల పారవేయును. కూలి కుప్ప కొలతకే కాని గడియల లెక్కకు కాదు. కంట రాతిపొడి పడకుండ కొందరు చీరకొంగు ముఖమునకు చుట్టుకొందురు.

వారిలో ఒకామె మా దొడ్డి యెదుటనే కంకర కొట్టుచుండెను. ముప్పది యేండ్లుండవచ్చును. తుమ్మకొమ్మకు చీరయుయ్యెల కట్టి బిడ్డను పరుండబెట్టెడిది. మా అమ్మ మధ్యాహ్నమున నాచేత చల్ల పంపెడిది. ఆమె దోసిలి పట్టగా నేను ఎత్తునుండి పోయుదును. ఎత్తునుండి పోయవలెనని మా నాయనమ్మ నేర్పినది. మేము ఆమెను “కంకరామె” అనెడివారము. ఆమెకును తల్లిదండ్రులు పెట్టిన పేరుండునను తలంపు మాలో నెవరికిని కలుగలేదు.

ఆ యేడు వానలు మొదలగు దినములలో అమ్మకు నొప్పులు వచ్చెను. రెండు దినములు గడచినను కాన్పు కాలేదు. మంత్రసాని చేతులెత్తి, సూర్యాపేట ఆసుపత్రికి తీసికొనిపొండనెను. చీకటి పడుచుండగా నాయన బండి కట్టెను. అమ్మ తల నా యొడిలో నుండెను. ఊరు దాటి ఫర్లాంగు పోగానే బండి యాగిపోయెను. బాటపొడవున కంకర కుప్పలు, నడుమ పేర్చక వదలిన బండలు, ప్రక్కలకు దిగిన బురద. అది అమావాస్య దగ్గరి రాత్రి. ఎద్దులు బెదరి అడుగు వేయలేదు. నాయన దిగి తడుముకొనుచు ఒక బండమీద పడి మోకాలు పగులగొట్టుకొనెను.

అప్పుడు గుడిసెల వైపునుండి ఒక లాంతరు వచ్చెను. కంకరామె! బండిలోనికి తొంగిచూచి, నా భుజము తట్టి, “భయపడకు బిడ్డా. ఈ కుప్పలన్నీ నా చేతుల మీద పోసినయే. ఏడ ఏ రాయుందో నాకెరుక” అనెను. తన బిడ్డను గుడిసెలో ఇంకొకతెకు అప్పగించి, ఎద్దుల ముందు నడచెను. అడ్డమైన బండలను తానే దొరలించెను. చక్రము దిగబడిన చోట కంకర దోసిళ్లతో ఎత్తిపోసెను. పనిజరుగుచున్న మేర రెండు క్రోసులు అట్లే నడిపించి, గట్టినేల దొరకిన పిదప లాంతరును మా నాయన చేతికిచ్చి, తాను చీకటిలో వెనుదిరిగెను. మేము సూర్యాపేట చేరునప్పటికి జాముప్రొద్దెక్కినది. ఇంకొక గంట ఆలసించిన తల్లి దక్కదని డాక్టరుగారు చెప్పిరి. అమ్మ బ్రతికినది, తమ్ముడు పుట్టినాడు.

ఇంతవరకు సంతోషమే. ఇకముందు చెప్పవలసినది చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది. ఇరువది దినముల తరువాత కంకరామె మా వాకిటికి వచ్చి, గడపకు దూరముగా నిలిచి, “పిలగాన్ని ఒక్కపాలి సూసిపోతనమ్మా” అనెను. నాయనమ్మ ఆమె లాంతరును గడప యవతల నుంచి, రెండు మానికల జొన్నలు నాచేత పంపి, “పసిబిడ్డ, దృష్టి తగులును, పొమ్మనుము” అనెను. లోపల పురిటిగదిలో అమ్మ ఆ మాట విని, నోట కొంగు కుక్కుకొని యేడ్చుట నేను చూచితిని. అత్తగారి మాట దాటుటకు ఆమెకు ధైర్యము లేకపోయెను. నాకో, బిడ్డను ఎత్తుకొని వాకిటికి పరుగెత్తవలెననిపించినది. కాని పరుగెత్తలేదు. ఎప్పటివలెనే ఎత్తునుండి జొన్నలు పోసితిని. ఆమె కొంగు పట్టి, నన్ను చూచి నవ్వి, లాంతరు తీసికొని వెడలిపోయెను. పదిదినములలో పని ముందునకు సాగెను, గుడిసెలును సాగెను. మరల ఆమెను మేము చూడలేదు.

తరువాత ఆ సీమ మారిపోయినది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలిరి. ఎడమకాలువ నీటితో జొన్నచేలు వరిమళ్లైనవి. వడ్లబస్తాలకు లారీలు, లారీలకు తారు బాటలు వచ్చినవి. 2005లో 108 బండ్లు మొదలైనవి. 2016లో సూర్యాపేట జిల్లా యైనది. 2019లో అచట వైద్యకళాశాల తెరచిరి. మా యమ్మ ఒక రాత్రియెల్ల పోయిన దూరము నేడొక గంట.

మొన్న అమెరికానుండి మా మనుమరాలు ఒక ఛాయాచిత్రము పంపి, “అమ్మమ్మా, నీ కంకర బాట చెల్లెలిని చూడు” అని వ్రాసినది. అది అలాస్కా ఉత్తరభాగముననున్న డాల్టన్ రహదారి యట. 414 మైళ్ల పొడవు. చమురు గొట్టములు వేయుటకై 1974లో అయిదు నెలలలో నిర్మించిరి. నేటికిని చాలభాగము కంకరయే. అచట నేలలోపల నెల్లకాలము మంచు గడ్డకట్టియుండును. అది కరగిన బాట క్రుంగును గనుక, వేడిమి లోనికి దిగకుండ కంకరను మందముగా పరచిరి. కోల్డ్‌ఫుట్ అను మజిలీ దాటిన పిదప 240 మైళ్లు పెట్రోలు దొరకదు. 1981లో ఆ దారికి జేమ్స్ డాల్టన్ అను ఇంజనీరు పేరు పెట్టిరి.

ఆ చిత్రము చూచుచు నేను చాలసేపు కూర్చుంటిని. మంచుదేశపు బాటకొక పేరు కలదు. గుడి కట్టించిన ఎఱకసానమ్మ పేరు కలదు. బేగము పేర ఊరే కలదు. ఈ పేళ్లు నిలువవలసినవే. కాని నా తల్లి ప్రాణమును రెండు క్రోసులు మోసిన చేతుల పేరు మాత్రము ఏ రాతిమీదను లేదు. రాళ్లు కొట్టినది ఆమెయే యైనను!

తమ్మునికి నేడు అరువది దాటినవి. ఏటేట సంక్రాంతికి వచ్చి, ఆ రాత్రి కథ చెప్పుమని యడుగును, చివర “అక్కా, ఆమె పేరేమి?” అనును. నేను తలవంచుకొందును. అడుగుటకు మాకు రెండు వేసవులు గడువుండెను. మేమడుగలేదు.

అమ్మలారా! మీ వాకిట ఇల్లు కట్టుటకు ఇటుకలు మోయునామె, మీ వీధిలో గోతులు త్రవ్వునామె, మీ పొలమున నాట్లు వేయునామె నేడును ఉందురు. నీళ్లిచ్చునపుడు గ్లాసు చేతికిచ్చి, పేరడుగుడు. మీ బిడ్డను చూడవచ్చిన, లోనికి పిలిచి ఒడిలో నుంచుడు. పదునొకండేండ్ల పిల్ల మీ యింట నొకతె యుండి, మీరెట్లు పోయుచున్నారో చూచుచుండును. ఆమె నావలె ముసలితనమున ఇట్టి వ్యాసము వ్రాయకుండుగాక!