ఏ విషయానికి ఫోన్ చేయొచ్చు?

మా క్లాసు అబ్బాయిలందరూ రెండు వారాల్లో దొరికేశారు. అమ్మాయిలకి మాత్రం మూడు నెలలు పట్టింది.

కాకినాడ జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ బ్రాంచి మాది. 1996లో ఎంసెట్ రాసి చేరాం, 2000లో బయటికొచ్చాం. పాతికేళ్లయింది కదా, ఒకసారి కలుద్దాం, ఎవరెక్కడున్నారో ఒక చిన్న పుస్తకం కూడా వేద్దాం అని వాట్సాప్ గ్రూపులో అనుకున్నారు. నాతో కలిపి తొమ్మిదిమందిమి అమ్మాయిలం. మిగతా ఎనిమిదిమందిని వెతికే పని నా మీద పడింది.

పెళ్లయ్యాక ఇంటిపేరు మారిపోతుంది. కొందరికి పేరు చివర భర్త పేరు చేరుతుంది. కాలేజీ రిజిస్టర్లో ఉన్న పేరు ఫేస్‌బుక్‌లో, లింక్డ్‌ఇన్‌లో కొడితే ఎవరూ రారు. మా రోజుల్లో చేతిలో సెల్‌ఫోన్ లేదు. ఆటోగ్రాఫ్ పుస్తకంలో రాసుకున్నవన్నీ పుట్టింటి ల్యాండ్‌లైన్ నంబర్లు. అవి ఎప్పుడో పోయాయి. ఒకామె సామర్లకోటలో వాళ్ల తమ్ముడి మెడికల్ షాపు ద్వారా దొరికింది. ఇంకొకామె కోసం వాళ్ల ఊరి పోస్ట్‌మ్యాన్‌ని అడిగించాల్సి వచ్చింది.

దొరికినవాళ్లందరికీ కమిటీ వాళ్లు తయారుచేసిన గూగుల్ ఫారం పంపాను. పేరు, ప్రస్తుత హోదా, కంపెనీ, ఊరు. అంతే. అబ్బాయిలవి ఆ రాత్రికే నిండిపోయాయి. మేనేజర్, డైరెక్టర్, ఆర్కిటెక్ట్.

మా క్లాసు ఫస్ట్ నుంచి మాత్రం ఫారం రాలేదు. నాలుగు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది.

“ఏమే, ఆ రెండో గడిలో ఏం రాయను? పేరొక్కటే వేసెయ్యవే.”

మెషీన్స్ పేపర్‌కి ముందురోజు రాత్రి హాస్టల్లో సగంమంది ఆమె గదిలోనే ఉండేవాళ్లం. ట్రాన్స్‌ఫార్మర్ లెక్కలు ఆమె చెబితేనే మాకు ఎక్కేవి. 2002లో పెళ్లయి అమెరికా వెళ్లింది, హెచ్4 వీసా మీద. హెచ్1బీ ఉద్యోగి భార్యకో భర్తకో ఇచ్చే వీసా అది. దాని మీద అక్కడ ఉండొచ్చు, చదువుకోవచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు. 2015 మేలో రూలు మారింది. గ్రీన్‌కార్డు దారిలో కొంతదూరం వచ్చినవాళ్ల జీవిత భాగస్వాములకి పని చేసుకునే అనుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే ఆమెకి మధ్యలో 13 ఏళ్లు. అనుమతి వచ్చాక రెజ్యూమె పంపితే, ఆ 13 ఏళ్ల ఖాళీ చూసి ఎవరూ పిలవలేదట. ఇప్పుడు ఇంటి దగ్గర్లోని స్కూల్లో సహాయకురాలు. “హోదా అని రాసేంత కాదులే,” అంది.

పేరొక్కటే వేయడానికి నాకు మనసొప్పలేదు. గ్రూపులో ఆమె పేరు చెప్పకుండా, “హోదా గడి కొందరికి ఇబ్బందిగా ఉందండీ, తీసేద్దామా?” అని అడిగాను. పాతికేళ్లు దాటినా మా క్లాసులో అబ్బాయిలూ అమ్మాయిలూ ‘అండీ’ అనే పిలుచుకుంటాం. గోదావరి జిల్లాల అలవాటు.

మొదటి జవాబు భీమవరం నుంచి వచ్చింది. మేం కాలేజీ వదిలేనాటికి అమీర్‌పేటలో ఒక కోర్సు చేస్తే చాలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఖాయం అనే గాలి వీస్తోంది. ఇతనూ ఆ గాలిలోనే హైదరాబాద్ వెళ్లాడు. 2001లో డాట్‌కామ్ బుడగ పగిలాక ఉద్యోగం పోయింది, ఊరికి తిరిగొచ్చేశాడు. ఇప్పుడు రొయ్యల చెరువులు చేస్తున్నాడు. “హోదా ఎందుకండీ? ఏ విషయానికి మనకి ఫోన్ చేయొచ్చో రాయమనండి. ఎవరికైనా పనికొస్తుంది,” అన్నాడు.

తన జవాబు తనే ముందు రాశాడు. “చెరువులో ఏరేటర్ మోటార్లు కాలిపోతుంటే నాకు ఫోన్ చేయండి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ టైంలో కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే పంట పోయినట్టే. మన డిగ్రీ నాకు రోజూ పనికొస్తోంది.”

ఆ తర్వాత ఒక్కొక్కళ్లూ పాత ఫారం పక్కనపెట్టి మళ్లీ రాశారు. నాలుగేళ్లూ సప్లీలతో కుస్తీ పట్టి, చివరికి విద్యుత్ శాఖలో చేరినతను మొదట ‘ఇంజినీర్’ అని ఒక్క మాట రాశాడు. రెండోసారి ఇలా రాశాడు: “2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖని కొట్టాక, పడిపోయిన స్తంభాలు లేపిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇంటికి వెళ్లేసరికి పాప నన్ను గుర్తుపట్టలేదు, అంత గడ్డం. తుఫాను జాగ్రత్తలకి ఫోన్ చేయండి.”

అన్నిటికంటే కష్టమైన ఫోన్ బెంగళూరు నుంచి వచ్చింది. ఫారంలో అందరికంటే పెద్ద హోదా రాసినతను. “అండీ, నా లైను మార్చాలండీ. ఆ ఉద్యోగం పోయి నాలుగు నెలలైంది. లింక్డ్‌ఇన్‌లో ఇంకా మార్చలేదు. పిల్లలకి కూడా నిన్ననే చెప్పాను.” కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పి రాయించాడు: “ఉద్యోగం పోయిందని ఇంట్లో ఎలా చెప్పాలో తెలియకపోతే నాకు ఫోన్ చేయండి.”

గ్రూపులో ఎవరూ ఓదార్పు బొమ్మలు పెట్టలేదు. ఆ రాత్రి ముగ్గురు అతనికి ఫోన్ చేశారని తర్వాత తెలిసింది. వాళ్లలో ఇద్దరికి ఆ అనుభవం ముందే ఉంది. 2008 మాంద్యంలో ఒకరికి, రెండేళ్ల కిందట ఇంకొకరికి. ఇన్నేళ్లూ ఒకే గ్రూపులో ఉండి పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పుకున్నాం, ఈ మాట మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఇది చదువుతున్న మీలో చాలామందికి ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. క్లాస్‌మేట్ ప్యాకేజీ స్క్రీన్‌షాట్ చూసి నిద్రపట్టని రాత్రులు మీకూ ఉండే ఉంటాయి. అది ఈ ఏడాది లెక్క మాత్రమే. మా వాళ్లలో 2000లో ముందున్నవాళ్లు 2001లో వెనకబడ్డారు, 2001లో ఊరికెళ్లినవాడు ఇప్పుడు పదిమందికి జీతాలిస్తున్నాడు. రేపు ఎవరు ఎక్కడుంటారో ఈ స్క్రీన్‌షాట్ చెప్పదు.

అందుకే రెండు పనులు చేయండి. బ్యాచ్ గ్రూపు విసుగనిపిస్తే మ్యూట్ చేయండి, ఎగ్జిట్ మాత్రం కాకండి. మీ క్లాసు అమ్మాయిల నంబర్లతో పాటు పాత ఇంటిపేరు, పుట్టింటి ఊరు కూడా రాసిపెట్టుకోండి. పాతికేళ్ల తర్వాత వాళ్లని వెతికే పని మీ మీదే పడొచ్చు.

మా క్లాసు ఫస్ట్ అందరికంటే ఆఖర్న పంపింది. పుస్తకంలో ఆమె పేరు కింద ఇలా ఉంది: “పిల్లలకి లెక్కలంటే భయమైతే నాకు ఫోన్ చేయండి. పెళ్లి చేసుకుని అమెరికా వెళ్లే అమ్మాయి ఉంటే, టికెట్ కొనకముందే ఫోన్ చేయించండి. వీసా మీద ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో కూర్చుని చెబుతాను.”

పుస్తకం పీడీఎఫ్ గ్రూపులో పెట్టిన వారానికే, హుద్‌హుద్‌లో స్తంభాలు లేపినతని కూతురు ఆమెకి ఫోన్ చేసింది. సంబంధం హెచ్1బీ అబ్బాయిదట. గంటన్నర మాట్లాడుకున్నారు.