పాత భోషాణం - ఎక్కడ ఆపాలి?

పాత కోడ్ చేతికొస్తే మనవాళ్ళు చేసే మొదటి పని తిట్టుకోవడం, రెండో పని మొత్తం తిరగరాద్దామనడం. పాత చెక్కసామాను దగ్గరా మనది ఇదే బుద్ధి. కాకపోతే కోడ్‌కి వెర్షన్ కంట్రోల్ ఉంటుంది, చిత్రిక పట్టి తీసేసిన చెక్కకి ఉండదు.

వడ్డాదిలో మా ఇంట్లో తాతయ్య నాటి టేకు భోషాణం ఒకటుంది. (ఊరు చోడవరం దగ్గర. 2022లో జిల్లాలు విడదీశాక విశాఖ పోయి అనకాపల్లి జిల్లా అయింది.) రెండు కాళ్ళు చెద తినేసింది. వడ్రంగి చూసి "లోపలా బయటా చిత్రిక పట్టేసి పాలిష్ కొడితే కొత్తదైపోద్ది బాబూ" అన్నాడు. దాన్ని హైదరాబాద్ ఫ్లాట్‌కి తీసుకెళ్దామనుకుంటున్న మా తమ్ముడికి ఆ మాట తెగ నచ్చింది. అమ్మ మాత్రం ససేమిరా అంది.

ఎందుకంటే మూత లోపలివైపు చాకుమొనతో గీసిన ఐదేసి గీతల వరసలున్నాయి. అనకాపల్లి మార్కెట్‌కి బండెక్కించిన బెల్లం దిమ్మల లెక్కట. తాతయ్యకి రాయడం రాదు. ఆయన చేతి గుర్తుగా మాకు మిగిలింది అదొక్కటే.

"వాడుకోలేనిది దాచుకుని ఏం లాభం అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు. అదీ నిజమే.

పాత కట్టడాల మరమ్మతుకి 1964లో వెనిస్ చార్టర్ అని ఒకటి రాసుకున్నారు. దాని సారం: తెలిసినంతవరకే బాగుచెయ్యి, ఊహించి కల్పించకు, కొత్తగా చేర్చింది పాతదాంట్లో ఇమడాలి, కానీ కొత్తదని తెలియాలి. భోషాణానికీ ఇది సరిపోతుందనిపించింది.

చెద తిన్న కాళ్ళలో దాచుకోడానికేం లేదు, కొత్త టేకు వేయించాం. రంగు కలిపి పాతవాటిలా నటింపజేయలేదు. తర్వాత పైపూత సంగతి. ఓ మూల స్పిరిట్‌లో ముంచిన దూది అద్దితే పూత మెత్తబడి అంటుకుంది. అంటే లక్క పాలిష్. (ఏటికొప్పాక బొమ్మల మెరుపూ లక్కదే.) లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి, మురికి తుడిచి పలచగా మళ్ళీ వేస్తే పాతపూతతో కలిసిపోతుంది. అదే పాలీయురెథేన్ గట్టిపడితే స్పిరిట్‌కి లొంగదు, రేపు వద్దనుకుంటే గీకాల్సిందే. అందుకే లక్కే వేయించాం. మూత లోపల పొడిగుడ్డతో దుమ్ము తుడిచి వదిలేశాం.

తమ్ముడు భోషాణం పట్టుకెళ్ళాడు, అందులో దుప్పట్లు పెట్టుకుంటున్నాడు. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే, వడ్రంగిని పిలిచే ముందు ఓసారి మూత తెరిచి లోపలివైపు చూడండి.