నాన్న చెవులా... గది గోడలా?

నాన్నకు చెముడు మొదలైందని ఇంట్లో తేల్చేశారు. తేల్చింది డాక్టరు కాదు, అన్నయ్య కొనిపెట్టిన కొత్త ఆడియో సిస్టమ్!

చాట్రాయిలో మా ముందుగది సరిగ్గా 10 అడుగులకు 10 అడుగులు. సిమెంటు గోడలు, పైన శ్లాబు, కింద నాపరాళ్లు. కిందటి వేసవిలో, రసాలు కోతకొచ్చే రోజుల్లో, అందులోకి రెండు స్పీకర్లు, సబ్‌ వూఫరు, రిసీవరు దిగాయి. బిగించడానికొచ్చిన అబ్బాయి గది మధ్యలో చిన్న మైకు పెట్టాడు. స్పీకర్లు కుయ్‌మని కూశాయి. 'రూమ్‌ కరెక్షన్‌ అయిపోయిందండీ, ఇక థియేటరే' అని వెళ్లిపోయాడు.

నాన్న ఘంటసాల పాట పెట్టించుకున్నారు. చౌటపల్లిలో పుట్టిన మాస్టారంటే 'మన కృష్ణా జిల్లావాడే' అని ఆయనకు గొప్ప. (2022లో చాట్రాయి ఏలూరు జిల్లాకు వెళ్లిందంటే నాన్న ఇప్పటికీ ఒప్పుకోరు.) ఒక చరణం విని 'కాగులో తలపెట్టి పాడుతున్నట్టుందమ్మా' అన్నారు. 'డెబ్భై దాటాయిగా, చెవులు పరీక్ష చేయిద్దాం' అన్నాడు అన్నయ్య ఫోన్లో. అంతే... ఆ తర్వాత నాన్న టీవీ సౌండు పెంచమని అడగడం కూడా మానేశారు. అదే నాకు నచ్చలేదు.

వయసుతో వచ్చే చెముడు సాధారణంగా ముందు సన్నని శబ్దాలను తగ్గిస్తుంది. నాన్నకేమో వంటింట్లో పోపు చిటపటలు కూడా వినిపిస్తాయి! అందుకే ముందు కరెక్షన్‌ ఆపేసి అదే పాట పెట్టాను. 'ఇప్పుడు ఫర్వాలేదు' అన్నారు. అంటే తేడా చెవుల్లో లేదు. తర్వాత వైర్లు చూశాను. పాత పాటలు మోనోలో రికార్డు చేసినవి కాబట్టి గొంతు రెండు స్పీకర్ల నట్టనడుమ నుంచి రావాలి. ఒక స్పీకరుకు వైర్లు తారుమారైతే ఎటునుంచి వస్తోందో తెలియకుండా పల్చబడుతుంది. అదీ బాగానే ఉంది.

ఇక మిగిలింది మైకు పెట్టిన చోటు. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. 10 అడుగుల దూరంలో ఉన్న ఎదురెదురు గోడల మధ్య సుమారు 56 హెర్ట్జ్‌ శబ్దం చిక్కుకుపోతుంది. గోడల దగ్గర అది హోరెత్తుతుంది, సరిగ్గా మధ్యలో దాదాపు మాయమవుతుంది. గది చదరంగా ఉంటే రెండు దిక్కులా ఇదే తంతు. గది మధ్యలో కొలిచిన మైకుకి బాస్‌ తక్కువనిపించింది. యంత్రం పెంచేసింది. ఎంత పెంచినా మధ్యలో నిలవదు, చిల్లుబిందెలో నీళ్లే. నాన్న పడక్కుర్చీ ఉండేదేమో వెనకగోడకు ఆనుకుని! అసలే హోరున్న చోట ఇంకాస్త. అందులో మాస్టారి గొంతు మునిగిపోయింది.

కుర్చీని గోడకు రెండడుగులు ముందుకు జరిపాం. కెమెరా స్టాండు మీద, నాన్న చెవుల ఎత్తులో మైకు పెట్టి చుట్టూ 8 చోట్ల కొలవడం మొదలెట్టా. చుట్టుపక్కల చప్పుడు ఎక్కువగా ఉందని రిసీవరు మొరాయించింది. ఫ్యాను ఆపాం. ఈసారి మామిడికాయల లారీ! సీజన్లో మా రోడ్డుకు నిద్రుండదు. రాత్రి ఒంటిగంటకు కూర్చుంటే ఆరోచోట కరెంటు పోయింది. మర్నాటి రాత్రికి గానీ పూర్తికాలేదు.

నాన్న కళ్లు మూసుకుని పాట మొత్తం విన్నారు. 'మాస్టారే... కానీ ఆ మూల డబ్బా ఇంకా కాస్త మూలుగుతోంది' అన్నారు. నిజమే, మూలన పెడితే సబ్‌ వూఫరు గది హోరును మరింత లేపుతుంది. దాన్ని ఇవతలికి జరిపి మళ్లీ కొలిచాం. అన్నయ్యకు ఫోన్‌ చేసి ఆ సంగతి నాన్నే చెప్పారు, కాస్త గట్టిగానే. ఖాళీ అయిన మూలలో అమ్మ వరిగడ్డి పరిచి రసాలు మాగేసింది.